దాదీమాతో బైత్‌బాజీ
(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం మాస్టారు తెలుగులో మాట్లాడటమేమిటని కొందరికి తోచవచ్చు. మన పిల్లలు చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు గాని, అచ్చులో ఉన్న ఉర్దూ చదవలేరు. సావనీరులోని వ్యాసం ఇంటిల్లిపాదీ చదవాలంటే తెలుగులో ఉండక తప్పదని కార్యదర్శిగారు సెలవిచ్చారు. కాదనడానికి మా దగ్గర జవాబు లేదు. అందుచేత ఒక్క ముక్క తెలుగు చదవడం రాని మా దాదీమాను ఈరోజు తెలుగులోనే తలచుకుంటున్నాము.

మేము అంటే నలుగురం. ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు. కర్నూలు పాతబస్తీలో, తుంగభద్రకు దగ్గరగా ఉన్న ఇంట్లో పెరిగాము. సాయంత్రం మగ్రిబ్ నమాజు కాగానే దాదీమా వాకిట్లో చాప పరిపించి, పాత చీరలు, లుంగీలు పొరలు పొరలుగా వేసి బొంత కుట్టడానికి కూర్చునేవారు. చేతికి ఆ పని, నోటికి మాతో ఆట. కరెంటు పోతే సూది ప్రక్కన పెట్టేవారేగాని ఆట ఆపేవారు కాదు. ఒకరోజు పొడుపు కథలు, ఒకరోజు గవ్వలతో పచ్చీసు. పచ్చీసులో ఆమె దొంగాట ఆడేవారన్న సంగతి ఇప్పుడు చెబితే తప్పులేదనుకుంటాము. కాని ఆమెకు ప్రాణమైన ఆట బైత్‌బాజీ.

పిల్లల కోసం చెబుతున్నాము. మీరు సినిమా పాటలతో ఆడే అంత్యాక్షరి వంటిదే ఇది. పాట బదులు షేర్ చెప్పాలి. అంటే రెండు పాదాల కవిత. ఒక జట్టు చెప్పిన షేర్ ఏ అక్షరంతో ముగిస్తే, రెండవ జట్టు ఆ అక్షరంతో మొదలయ్యే షేర్ అందుకోవాలి. ఒకసారి చెప్పినది మళ్ళీ చెప్పరాదు. ఇందులో ఒక కిటుకు ఉన్నది. ఉర్దూలో వాక్యాలు ఎక్కువగా 'హై' అని, 'థే' అని, 'సే' అని ముగుస్తాయి. వీటన్నిటికీ వ్రాతలో చివరి అక్షరం 'యే'. కనుక 'యే'తో మొదలయ్యే షేర్లు ఎవరి దగ్గర ఎక్కువ ఉంటే వారిదే గెలుపు. దాదీమా దగ్గర అవి మూటలు మూటలుగా ఉండేవి. 'యహాఁ' అని ఒకటి, 'యాద్' అని ఒకటి, ఊపిరి తిరగనిచ్చేవారు కాదు.

ఇన్ని షేర్లు ఆమెకు ఎలా వచ్చాయి? దాదీమా ఖురాన్ షరీఫ్ చూసి చదివేవారు. అయితే ఉర్దూ చదవడం నేర్పినవారు లేరు. ఆ తరం ఆడవాళ్ళలో ఇటువంటివారు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటారు. చిన్నప్పుడు వాళ్ళ అన్నగారు పైకి చదువుతుంటే విన్నవి, పెళ్ళిళ్ళలో విన్నవి, ఆలిండియా రేడియోలో ముషాయిరా వస్తే రొట్టె పెనం మీద మాడిపోతున్నా కదలకుండా విన్నవి. అంతా చెవి చదువే. కవి పేరు అడిగితే, "చెప్పినవాడు చెప్పాడు, నాకు దొరికింది" అనేవారు.

1991లో రంజాన్ నెల ఎండాకాలం మొదట్లో వచ్చింది. పండుగకు మేనత్త పిల్లలు కూడా వచ్చి ఇల్లు నిండుగా ఉన్నది. రాత్రి బైత్‌బాజీ మొదలైంది. మా అన్నయ్య ఎక్కడో నేర్చుకొచ్చిన షేర్ ఒకటి 'అల్ఫాజ్' అనే మాటతో ముగించాడు. దాదీమా తడుముకోకుండా 'జిందగీ' అని అందుకున్నారు. అప్పటికి మేము బడిలో ఇమ్లా బాగా వ్రాస్తున్నామన్న గర్వంతో ఉన్నాము. 'అల్ఫాజ్' ముగిసేది 'జోయ్' అక్షరంతో. 'జిందగీ' మొదలయ్యేది 'జే' అక్షరంతో. చెవికి రెండూ ఒకటే, వ్రాతలో వేరు. "ఔట్! దాదీమా ఔట్! దాదీమాకు చదువు రాదు!" అని అరిచాము. అరిచింది అన్నయ్య కాదు, మేమే, అంటే ఇప్పుడు మీ ముందు నిలబడిన ఈ మాస్టారే. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. దాదీమా కూడా నవ్వారు. నవ్వి, సూది తీసుకుని కుట్టుకుంటూ కూర్చున్నారు. ఆ రాత్రి ఇక నోరు విప్పలేదు.

మరునాడు పిలిస్తే తలనొప్పి అన్నారు. ఆ మరునాడు కళ్ళు లాగుతున్నాయన్నారు. పండుగ వెళ్ళిపోయింది, మేనత్త పిల్లలు వెళ్ళిపోయారు. మా నాన్నగారు మమ్మల్ని కొడితే బాగుండేది. ఆయన ఏమీ అనలేదు.

పది పన్నెండు రోజుల తరువాత దాదీమా మా అక్కను పిలిచి అడిగారు: "అల్లా కితాబులో ఈ నాలుగు అక్షరాలూ నాలుగు రకాలుగా పలుకుతాయి. మీ ఉర్దూలో నాలుగూ ఒక్కటే పలుకైతే తప్పు నాదా బేటీ?"

తప్పు నిజంగానే ఆమెది కాదు. జాల్, జే, జ్వాద్, జోయ్ నాలుగింటికీ అరబీలో వేరు వేరు ఉచ్చారణ ఉన్నది. ఉర్దూ మాట్లాడే మన నోటిలో నాలుగూ ఒకే ధ్వని అయిపోయాయి. వ్రాతలో మాత్రం వేటికవే మిగిలాయి. మేము ఇరవై ఏళ్ళుగా పాఠశాలలో చెబుతున్న ఈ సంగతిని, ఇంత సూటిగా మాకు చెప్పింది ఏ ట్రైనింగు కాలేజీ కాదు, వాకిట్లో చాప మీద కూర్చున్న ముసలమ్మ.

అప్పుడు ఆమె చేసిన పని వినండి. కుడుతున్న బొంత ఒక మూలన ఎర్రదారంతో నాలుగు అక్షరాలు కుట్టారు. దాల్, రే, స్వాద్, తోయ్. ఇవి నాలుగూ చుక్క లేనివి. పైన చుక్క పెడితే ఇవే వరుసగా జాల్, జే, జ్వాద్, జోయ్ అవుతాయి. చుక్కకు దారం దండగని చింతగింజ పెట్టేవారు. "జిందగీ ఎవరింట్లో ఉంటుంది?" అని అడిగేవారు. మేము 'జే' అంటే రే మీద గింజ పెట్టి, ఆ షేర్ మరొకసారి చెప్పుకునేవారు. "జుల్మ్ ఎవరింట్లో?" జోయ్ ఇంట్లో. "జిక్ర్?" జాల్ ఇంట్లో. "జిద్?" జ్వాద్ ఇంట్లో. అరవై దాటిన మనిషి ఒక్కొక్క మాటకూ ఇల్లు అడిగి తెలుసుకున్నారు. అక్షరాల మీద కూర్చోరాదని ఆ మూలకు ఎవరినీ రానిచ్చేవారు కాదు. దసరా సెలవులు వచ్చేసరికి మాకే జోయ్ తగిలేటట్లు షేర్లు ముగించి మమ్మల్ని ఓడించడం మొదలుపెట్టారు. మేము అరిచిన ఆ అరుపుకు మాత్రం ఎన్నడూ క్షమాపణ అడగలేదు. అడగాలని పెద్దయ్యాక తెలిసింది, అప్పటికి సిగ్గు అడ్డమొచ్చింది.

ఆ తరువాతి ఎండాకాలం సెలవుల్లో నాన్నగారు ఒక లావుపాటి నోటుబుక్కు తెచ్చి, దాదీమా చెప్పే షేర్లు వ్రాయమన్నారు. రోజుకు పది. అక్షరం వారీగా నాలుగు వందల పైచిలుకు వ్రాశాము. ఉర్దూ దస్తూరీ కుదరాలంటే సిరా కలమే వాడాలని నాన్నగారి పట్టు. దాదీమా 2003లో అల్లాకు ప్రియమైనారు. పుస్తకం ట్రంకుపెట్టెలో, బొంతతోపాటు ఉండిపోయింది.

2009 అక్టోబరు 2వ తేదీ శుక్రవారం. ఆనాటి వరద సంగతి మీకు మేము చెప్పాలా! తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డాయి. ప్రాణాలు దక్కించుకుని ఎదురింటి మిద్దె ఎక్కాము. నీరు తీసిన తరువాత పెట్టె తెరిస్తే నోటుబుక్కు బురదముద్ద. పుటలు విడదీస్తే నీలం మరకలు తప్ప అక్షరం లేదు. బాల్‌పెన్నుతో వ్రాసి ఉంటే కొంతైనా మిగిలేదేమో. ఆ మాట నాన్నగారి ముందు ఎవరమూ అనలేదు. బొంతను నాలుగుసార్లు ఉతికాము. మట్టిరంగు పోలేదు, ఎర్రదారం అక్షరాలూ పోలేదు. ఇప్పుడు అది అక్క ఇంట్లో ఉన్నది.

అప్పటి నుండి ప్రతి ఈద్‌కు నలుగురం కలిసినప్పుడు గుర్తొచ్చినవి మళ్ళీ వ్రాస్తున్నాము. ఇప్పటికి నూట అరవై దాకా అయ్యాయి. వాటిలో సగానికి పైగా 'యే'తో మొదలయ్యేవే. ఎక్కువ వాడినవే నోట్లో నిలిచాయి, అంతే మరి. ఆమె అంత కష్టపడి ఇల్లిల్లూ వెదికి కూర్చిన జ్వాద్, జోయ్ షేర్లే పోయాయి.

మా పాఠశాలలో నవంబరు 11న, మౌలానా ఆజాద్ పుట్టినరోజున, బైత్‌బాజీ పోటీ పెడుతూ ఉంటాము. పెద్ద తరగతులకు అక్షరం ఆట. చిన్న తరగతులకు చెవి ఆట, అంటే నాలుగు 'జ'లూ ఒకటే. ఇది నియమభంగమని తోటి ఉపాధ్యాయులు కొందరు ఆక్షేపిస్తారు. వారి మాటలో న్యాయం ఉన్నది. అయినా మేము మార్చలేదు. ఏ పసివాడి నోటినుండి ఆ 'ఔట్' అనే మాట వచ్చినా మాకు చాప మీద కూర్చుని కుట్టుకుంటున్న చేతులు కనిపిస్తాయి.

ఇక అసలు పని. జోయ్‌తో మొదలయ్యేవి దాదీమాకు మూడు షేర్లు వచ్చు. రెండు పూర్తిగా మరచిపోయాము. మూడవదానికి మొదటి పాదం అన్నయ్యకు గుర్తున్నది, రెండవది ఎవరికీ రావడం లేదు. ఇక్కడున్న పెద్దమ్మలలో దాదీమాతో కూర్చుని ఆడినవారు కొందరున్నారు. ఆ షేర్ మీలో ఎవరి నోటనైనా మిగిలి ఉండవచ్చు. పరదా అవతల మా అక్క కొత్త నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నది. భోజనాలకు లేచేముందు దయచేసి ఒకసారి ఆమె దగ్గరకు వెళ్ళండి. ఈసారి బాల్‌పెన్నే తెచ్చుకున్నది.