పిల్లికొక వాకిలి



ఇల్లు కట్టునపుడు మనుష్యులకు సింహద్వారమును, పశువులకు దొడ్డివాకిలిని, పొగకు గవాక్షిని, వాననీటికి తూమును ఏర్పరచుట మన పెద్దల పద్ధతి. పిల్లికి ప్రత్యేకముగా వాకిలి పెట్టినవారు మాత్రము మనలో అరుదు. దానిపై దయ లేక కాదు. ఆ యవసరము లేకపోవుటచేతనే. పాత యింటిలో పిల్లి తన దారిని తానే వెదకికొనెడిది. నేటి క్రొత్త యిండ్లలో ఆ దారి మూసికొనిపోయినది. దానిని మరల తెరచుట యెట్లు, తెరచునపుడు పాటింపవలసిన జాగ్రత్త లెవ్వి యనునదియే ఈనాటి ప్రసంగవిషయము. చిన్న విషయమే, కాని విత్తనముల మూటకును, ఇంటనున్న పసిబిడ్డల క్షేమమునకును సంబంధించినది కావున పెద్దలు వినదగినది.

సోమందేపల్లె పెనుకొండకు దక్షిణమున, హైదరాబాదు నుండి బెంగళూరునకు పోవు రాజమార్గముపై నున్నది. చిరకాలము అనంతపురము జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను ఆకాశము మారలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు సీమ యిది. ఆ వానయు అదను తప్పి కురియుటయే తరచు. ఇచ్చటి మెట్టరైతు ఎకరమునకు సుమారు 60 కిలోల వేరుశెనగ గింజలు విత్తవలసియుండును. పండిన యేట ఆ విత్తనమును ఒలువక, కాయగానే సంచులలో కట్టి, తరువాతి ఖరీఫు వరకు ఇంట దాచికొనును. వాన పడిన మరునాడు విత్తనము చేత లేనివాడు అప్పు చేయవలెను, లేదా అదను పోగొట్టుకొనవలెను. కావున గదిలోని ఆ నాలుగు సంచులును కేవలము కాయలు కావు, రాబోవు సంవత్సరము.

ఆ సంచులకు పరమశత్రువు ఎలుక. అది దినమునకు తన బరువులో సుమారు పదియవ వంతు మేయును. తిన్నదానికంటె పాడుచేసినది ఎక్కువ. సంచిని కొరికి, కాయను పగులగొట్టి, సగము తిని విడుచును. దాని మలమూత్రములచే తక్కినదియు చెడును. ఆ మూత్రము కలసిన నీటివలన ఎలుకజ్వరము మనుష్యులకు సంక్రమించును. ఇంటి యెలుక మూడు వారములు చూలు మోసి ఒక్కమారే అయిదారు పిల్లలను, ఒక్కొక్కపుడు అంతకంటె నెక్కువగా ఈనును. ఆ పిల్లలు రెండు మూడు నెలలలోనే తామును ఈనిక కారంభించును. కాపు లేనిచో ఒక జంట ఒక యేటిలో ఎంత సంతానమగునో లెక్క వేయనక్కరలేదు. అటకపై చప్పుడే చెప్పును.

పాత మట్టిమిద్దెలను జ్ఞాపకము చేసికొనుడు. రాతిగోడలు, దూలములు, పైన మట్టి, ఆ మట్టిలో వెలుతురునకు గవాక్షి. వాన వచ్చినపుడు గవాక్షిపై బండ కప్పెడివారు. తక్కిన దినములలో అదియే పిల్లికి రాజమార్గము. ధాన్యము పాతరలోనో గరిసెలోనో ఉండెడిది. పాలు పెరుగు ఉట్టిపై నుండెడివి. ఉట్టి యనగా నేమి? పిల్లి యింట నుండవలెను గాని పాలు త్రాగరాదను ఒప్పందమునకు మన వారు వ్రేలాడదీసిన సాక్ష్యపత్రము. పెనుకొండ 1565 తరువాత విజయనగర రాజులకు రాజధాని యైనది. ఆ రాజులలో పేరెన్నికగన్న కృష్ణదేవరాయలు ఎలుకల బాధ తీర్చుటకు ఇంటింటికి పిల్లిని, దానికి పాలకై ఆవును ఇచ్చెననియు, తెనాలి రామకృష్ణుని పిల్లి మాత్రము పాలు చూచి పారిపోయెననియు చెప్పు కథ మనకందరకు తెలిసినదే. కథ నిజమో కల్పనయో యటుండ, పిల్లిని ధాన్యరక్షణకు ఉద్యోగిగా లెక్కించిన బుద్ధి అందు కానవచ్చుచున్నది.

ఇపుడు మిద్దెలు పోయి కాంక్రీటు కప్పులు వచ్చినవి. కిటికీలకు ఇనుప చట్రములు, అల్యూమినియము పట్టాలలో జరుగు గాజురెక్కలు, దోమల వలలు వచ్చినవి. ఇది మంచిదే, దుమ్మును దోమయు తగ్గినవి. కాని ఉదయము ఇంటికి తాళము వేసి అందరును పొలమునకో పనికో పోయినచో పిల్లి బయట, ఎలుక లోపల మిగులుచున్నవి. చిట్టెలుకకు చిటికెనవ్రేలు పట్టునంత సందు చాలును, పిల్లికి చాలదు. శత్రువునకు దారి యిచ్చి కావలివానికి మూసితిమి.

దీనికి చాలమంది యెలుకలమందు పెట్టుచున్నారు. ఎలుకల మీది కోపమున ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లను సామెత ఇచ్చట అక్షరాల వర్తించును. బూడిదరంగున నుండు జింకు ఫాస్ఫైడు కడుపులోని తడి తగులగనే విషవాయువును పుట్టించును. ఉండ చేసి మూలన పెట్టినదానిని ప్రాకు బిడ్డ నోట పెట్టుకొనవచ్చును. ఆ గదిలోనే విత్తనమును, కొన్ని యిండ్లలో తినెడి బియ్యమును ఉండును. మందు తిన్న యెలుకను తినుటచే పిల్లియు, గుడ్లగూబయు చచ్చినచో, మిగిలిన యెలుకలకు పగవాడే ఉండడు.

పిల్లికి వాకిలి పెట్టుట మనకు వింతగా తోచినను లోకమునకు క్రొత్త కాదు. సైప్రసు ద్వీపమున 9,500 సంవత్సరముల నాటి సమాధిలో మనుష్యుని ప్రక్కనే పాతిపెట్టిన పిల్లి యెముకలు బయల్పడిన సంగతి 2004లో ప్రకటింపబడినది. మానవుడు ధాన్యము నిలువ చేయ నారంభించిన నాటినుండి ఎలుకయు, ఎలుకవెంట పిల్లియు ఇల్లు చేరినవని పండితుల అభిప్రాయము. స్పెయిను దేశపు పల్లెలలో పాత తలుపుల అడుగున పిల్లికై కోసిన రంధ్రములు నేటికిని కానవచ్చును. ఇంగ్లండులో ఎక్సెటరు నగరపు మహాదేవాలయమున గడియారపు క్రింది తలుపునకు ఒక గుండ్రని రంధ్రము కలదు. 1598లో అచ్చటి మతాధికారి వడ్రంగులకు ఎనిమిది పెన్నీలిచ్చి దానిని కోయించెనని లెక్కలలో నున్నది. అంతకు పూర్వము 1305 మొదలు 1467 వరకు ఆ దేవాలయపు పద్దులలో పిల్లికి మూడు నెలలకు పదుమూడు పెన్నీల జీతము వ్రాయబడినది. ఆలయమువారు జీతమిచ్చినపుడు మనము ఇంటిలోనికి దారియైన ఇచ్చుట అధికము కాదు.

అయిన నొక్క ఆక్షేపణ కలదు. అది మిక్కిలి బలమైనది. పిల్లి దూరు కంతలో పాము దూరదా? దూరును. ఎలుక యున్నచోటికి పాము వచ్చుట సహజము. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగును మన సీమలో నున్నవి. కట్లపాము రాత్రివేళ ఇంట జొరబడి నేలపై పరుండినవారిని కరచుట తరచు జరుగునది. కాటు నొప్పి తెలియక నిద్రలోనే ప్రాణము పోయినవారు కలరు. మన దేశమున 2000 మొదలు 2019 వరకు ఏటేట సగటున సుమారు 58,000 మంది పాముకాటుచే మరణించిరని 2020లో వెలువడిన పరిశీలన తేల్చినది. అట్టి మరణములు అధికముగా గల రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశమును ఒకటి. కావున ఎక్సెటరు వడ్రంగివలె తలుపు అడుగున కంత కోసి విడుచుట మన యూర పనికిరాదు. మనకు మన పద్ధతి కావలెను.

ఆ పద్ధతికి మూడు సూత్రములు. మొదటిది: బయటి వాకిలి నేలమట్టమున నుండరాదు, కిటికీ యెత్తున నుండవలెను. మూడు నాలుగడుగుల యెత్తునకు ఎగురుట పిల్లికి కష్టము కాదు. ఆ కిటికీ క్రింద కట్టెలమోపులు, రాళ్లగుట్ట, తీగచెట్లు ఉండరాదు. గోడ నున్నని సిమెంటు పూతతో నుండవలెను. గరుకు గోడను, తీగను పట్టుకొని పాము ప్రాకగలదు. రెండవది: కంతకు రెక్క యుండవలెను, ఆ రెక్క తనంతట తాను మూసికొనవలెను. మూడవది: చీకటిపడక మునుపే పిల్లిని లోపలికి పిలిచి రెక్కకు గడియ వేయవలెను. ఎలుక తిరుగునది రాత్రి. ఆ వేళ పిల్లి ఇంటిలోపల నుండుటయే మనకు కావలసినది. కట్లపాము తిరుగునదియు రాత్రియే. ఆ వేళ దారి మూసియుండుటయు కావలసినదే. ఒక్క గడియతో రెండు పనులును నెరవేరును. లోపల నొక మూల తట్టలో ఇసుక పోసి యుంచినచో పిల్లి రాత్రి బయటికి పోవలసిన పని యుండదు.

ఇక నిర్మాణము. జరుగు గాజురెక్కల కిటికీకి గాజును కోయనే అక్కరలేదు. రెక్కను తొమ్మిది అంగుళముల మేర ప్రక్కకు జరిపి, ఏర్పడిన ఎడములో పట్టా నుండి పట్టా వరకు సరిపోవు గట్టి పలకను నిలువుగా బిగింపుడు. అది నీటికి ఉబ్బని ప్లైవుడ్డు పలకయైన మేలు. పలక క్రిందిభాగమున ఆరంగుళముల చదరపు కంత కోయుడు. దాని అడుగుగట్టు పిల్లి నిలుచుచోటికి నాలుగైదంగుళముల పైన, అనగా దాని పొట్టమట్టమునకు, ఉండవలెను. కంతకు పైనుండి తేలికైన రెక్కను చిన్న బందులతో వ్రేలాడదీయుడు. రెక్క చుట్టును ఒరయకుండునంత సందు మాత్రము విడిచి, అంచున మెత్తని రబ్బరుపట్టీ అంటింపుడు. క్రింద నొక చిన్న అయస్కాంతము పెట్టినచో గాలికి కొట్టుకొనదు. రెక్క పారదర్శకమైన ప్లాస్టిక్కుదైనచో పిల్లి ఆవలి వైపు చూచి ధైర్యముగా దూరును.

ఇచ్చట రెండు సంగతులు మరచిపోవుట కలదు. గాజురెక్క తన స్థానమునుండి జరిగినందున రెండు రెక్కల నడుమ సన్నని సందు ఏర్పడును. అది చిట్టెలుకకు చాలును. దానిని బ్రష్షుపట్టీతోనో రబ్బరుతోనో పూడ్చవలెను. మరియు కిటికీ తాళము ఇపుడు పడదు. కావున పట్టాలో నొక కఱ్ఱముక్క నడ్డుపెట్టి రెక్క జరుగకుండ చేయవలెను. ఇనుప చట్రము యథాస్థానమున నుండవలెను; నాలుగంగుళముల యెడములో పిల్లి సులభముగా దూరును. కంత తలుపు గడియకు మూడడుగులకంటె దగ్గరగా నుండరాదు. పిల్లికై తెరచిన దారిలో దొంగ చేయి దూరవచ్చును.

జరుగని గాజుకిటికీ యైనచో, సామాన్యమైన గాజును గాజుపనివాడు వజ్రపు మొనగల పనిముట్టుతో గుండ్రముగా కోయగలడు. కాని పెద్ద గాజుతలుపులకు వాడునది తరచుగా కాల్చి గట్టిపరచిన గాజు. దానిని తయారైన తరువాత కోయబోయినచో ఒక్కమారుగా వేయి ముక్కలగును. దాని మూలన సామాన్యముగా చిన్న ముద్ర యుండును, చూచికొనుడు. అట్టి తలుపునకు కంత కావలెనన్న, కొలత లిచ్చి కంతతోనే క్రొత్త గాజును చేయింపవలెను, వ్యయము అధికము. దానికంటె క్రింది గాజును తీసి పలక నమర్చుట చౌక.

లోపల విత్తనపు గది తలుపునకు రెక్క లేని కంతయే చాలును. ఇది ఇంటిలోపలిది గనుక బయటి భయము లేదు. ఈ లోపలి కంత లేనిచో బయటి వాకిలి పెట్టియు ప్రయోజనము సగమే.

పిల్లికి నేర్పుటకు బలవంతము పనికిరాదు. మొదటి మూడు నాలుగు దినములు రెక్కను దారముతో పూర్తిగా ఎత్తి కట్టి, ఆవల నింత అన్నము పెట్టుడు. పిదప సగము దింపుడు. తరువాత విడువుడు. వారము పది దినములలో అదియే తలతో త్రోసికొని వచ్చును. దానిని పట్టి తోసినవాని యింట అది ఆ కంత దరికి మరల రాదు.

పిల్లి సర్వరోగనివారిణి కాదని చెప్పుటయు న్యాయము. చిట్టెలుకను, పిల్ల యెలుకను అది పట్టును. దాని వాసనకే కొన్ని ఇల్లు విడుచును. కాని పందికొక్కుతో సామాన్యపు పిల్లి పోరాడదు. ఆంగ్లేయులకే దానికి పేరు లేక మన తెలుగు మాటనే తీసికొని బాండికూటు అనిరి, అంతటి జంతువది! దానికి పునాది కంతలు రాళ్లతో సిమెంటుతో పూడ్చుటయు, సంచులను గోడకు జానెడు దూరమున, నేలకు ఎత్తుగా బల్లపై పేర్చుటయు, వీలైనచో ఇనుపడబ్బాలలో నింపుటయుచే ఉపాయము. పిల్లి ఈ పనులకు తోడు గాని బదులు కాదు. ఎలుకలమందు పెట్టిన యింట పిల్లిని ఉంచరాదు. పిల్లిని ఉంచిన యింట మందు పెట్టరాదు.

ఇంట తిరుగు పిల్లికి పిచ్చికుక్క వ్యాధి రాకుండ పశువైద్యశాలలో ఏటేట టీకా వేయింపవలెను. పిల్లి కరచినను, గోటితో గీరినను ఆ పుండును సబ్బుతో పదునైదు నిమిషములు ధారగా కడిగి వెంటనే వైద్యశాలకు పోవలెను. పసరులు, సున్నము పూయుట ప్రాణాపాయము. పాము కరచినపుడును మంత్రగానికై వెదకుచు గడియ వృథాచేయరాదు. విషమునకు విరుగుడు వైద్యశాలయందే కలదు.

పిల్లి ఎదురైన శకునము కాదని వెనుకకు తిరుగువారు మనలో నింకను కలరు. వారితో వాదము పెట్టుకొననక్కరలేదు. విత్తనపు గదిలో నెలుక యెదురగుట అంతకంటె చెడ్డ శకునమని మాత్రము మనవి చేయుదును. ఒక పలక, రెండు బందులు, ఒక గడియ, వడ్రంగికి ఒక పూట కూలి. వాన రాకడ మన చేతిలో లేదు. వచ్చిననాడు విత్తనము సంచిలో నిండుగా నుండుట మన చేతిలో నున్నది. వేసవి ముగియకమునుపే ఆ వాకిలి పెట్టింపుడు.