దుంగకు ముద్ర, యంత్రానికి లైసెన్సు

(జిమల్‌గట్టలో జరిగిన మిల్లు కార్మికుల సభలో, మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్ అయిన యూనియన్ కార్యవర్గ సభ్యుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



జిమల్‌గట్టలో బట్టల మిల్లు లేదు కదా, ఇక్కడ మిల్లు సంగతులేమిటని ఎవరైనా అడగవచ్చు. మిల్లు లేదు గాని మిల్లు కార్మికులు ఉన్నారు. షోలాపూర్‌లో, భీవండిలో, సిరిసిల్లలో షిఫ్టులు చేసి పండక్కి ఇల్లు చేరినవాళ్లే ఈ సభలో ఎక్కువ. అక్కడ షిఫ్టు దిగాక ఏదైనా చెబితే వినే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే ఇక్కడ తీరిగ్గా మాట్లాడుకుందామని అనుకున్నాం.

ఈరోజు నేను చెప్పదలచింది యంత్రం లోపల ఉండే ప్రోగ్రాం గురించి, దాని లైసెన్సు గురించి. అది యజమానికీ యంత్రం కంపెనీకీ మధ్య వ్యవహారం, మనకెందుకని నేనూ చాలాకాలం అనుకున్నాను. మనలో ఒక కుర్రవాడికి సంజాయిషీ నోటీసు వచ్చాక గాని నాకు కళ్లు తెరిపిడి పడలేదు.

జరిగింది ఇది. ఒక మిల్లు యాజమాన్యం నాలుగు మగ్గాలు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. అందులో రెండింటి కంట్రోల్ పెట్టెల్లో మెమరీ కార్డులు లేవు. షిఫ్టు ఇన్‌చార్జి మన కుర్రవాణ్ణి పిలిచి, "పక్క మగ్గం కార్డు తీసి, దాన్లో ఉన్నదంతా రెండు కొత్త కార్డుల మీదికి ఎక్కించు" అన్నాడు. కుర్రవాడు ఎక్కించాడు. మగ్గాలు నడిచాయి. అందరూ భుజం తట్టారు. కొన్ని నెలల తర్వాత యంత్రం కంపెనీ ఇంజనీరు వచ్చి ఈ రెండింటికీ లైసెన్సు స్టిక్కర్లేవని అడిగాడు. "మాకేమీ తెలియదు, మా ఎలక్ట్రీషియన్ తనంతట తాను చేశాడు" అన్నది యాజమాన్యం. మర్నాడే నోటీసు.

కుర్రవాడు చేసిన తప్పేమిటి? అసలు తప్పా, కాదా? ఇది తెలియాలంటే ముందు ఆ కార్డులో ఏముందో తెలియాలి.

జకార్డు మగ్గం మీద పనిచేసినవాళ్లకు అట్టల దండ తెలుసు. డిజైనంతా ఆ అట్టల చిల్లుల్లోనే ఉంటుంది. ఒక దండను చూసి ఇంకో దండకు చిల్లులు కొట్టుకుంటే రెండో మగ్గం కూడా అదే పువ్వు నేస్తుంది. ఈనాటి యంత్రాల్లో కార్డు అలాంటిదే. తెరను, మోటార్లను, సెన్సార్లను నడిపించే ఆపరేటింగ్ సిస్టం, దాని మీద యంత్రం కంపెనీ సొంత ప్రోగ్రాం, రెండూ కలిపి ఒక్క ముద్దగా కార్డు మీద ఉంటాయి. ఆ ముద్దనే ఇమేజ్ అంటారు. కొన్ని యంత్రాల్లో అది మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ సీఈ, కొన్నింటిలో విండోస్ ఎక్స్‌పీ ఎంబెడెడ్, కొన్నింటిలో లినక్స్.

ఎక్స్‌పీ ఎంబెడెడ్ సంగతే చూడండి. యంత్రం తయారుచేసే కంపెనీ ఇమేజ్ కట్టే పనిముట్లను ఒకసారి కొంటుంది. ఒక ఇమేజ్ కట్టి, పరీక్షించి, దాన్నే వంద యంత్రాల కార్డుల మీదికి ఎక్కిస్తుంది. అలా ఎక్కించడం తప్పు కాదు, పద్ధతే అది. కాని వంద యంత్రాలకు వంద లైసెన్సులు కొనాలి. ఒక్కో లైసెన్సుకు ఒక్కో స్టిక్కరు వస్తుంది. దాన్ని ఆయా యంత్రానికి అంటించాలి. విచిత్రమేమిటంటే, ఇమేజ్ లోపల వేసే నంబరు మాత్రం వంద యంత్రాలకూ ఒకటే ఉండవచ్చు. కాబట్టి ఇది డబ్బు కట్టిందా, కట్టనిదా అని కార్డు లోపల ఎంత వెతికినా తేలదు. తేల్చేవి పైన ఉన్న స్టిక్కరు, ఫైల్లో ఉన్న బిల్లు.

ఇది మన ప్రాంతంవాళ్లకు కొత్త సంగతేమీ కాదు. ఆలపల్లి అడవి టేకు దుంగను చూడండి. డిపోలో కొన్న దుంగ, రాత్రి నరికిన దుంగ పక్కపక్కన పెడితే చెక్కలో తేడా ఉందా? అదే చేవ, అదే రంగు. తేడా అంతా అటవీ శాఖ సుత్తి ముద్రలోనూ, రవాణా పాసులోనూ ఉంది. ముద్ర లేని దుంగ నాకా దగ్గర పట్టుబడితే ముందు ఎవరు దొరుకుతారు? కొన్న సాహుకారు దొరకడు, బండి తోలేవాడు దొరుకుతాడు. మిల్లులో ఆ బండి తోలేవాడు మన ఎలక్ట్రీషియనే.

ఇక చట్టం ఏమంటుంది? మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ఉంది. 1984 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాములు అందులోకి వచ్చాయి. చట్టవిరుద్ధమైన కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడినవాళ్లకు 63బి సెక్షన్ కింద ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, 50 వేలకు తగ్గకుండా రెండు లక్షల దాకా జరిమానా వెయ్యవచ్చు. ఇక్కడ "తెలిసీ" అన్న మాట ముఖ్యం.

అదే చట్టంలో మనకు పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. ప్రోగ్రాం కాపీ న్యాయంగా చేతిలో ఉన్నవాళ్లు, అది పోతే, చెడిపోతే ఎలాగని ముందుజాగ్రత్తగా బ్యాకప్ కాపీ తీసుకోవచ్చని 52వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి రెండు పనులను కలపకండి. స్టిక్కరు ఉన్న మగ్గం కార్డుకు నకలు తీసి బీరువాలో పెట్టడం, అది చెడిపోయినప్పుడు అదే మగ్గానికి ఎక్కించడం ఒక పని. దానికి భయపడనక్కరలేదు. లైసెన్సు లేని రెండో మగ్గంలో ఆ నకలు పెట్టి నడపడం ఇంకొక పని. చేతికి రెండూ ఒకేలా ఉంటాయి. చట్టానికి ఒకేలా ఉండవు.

లినక్స్ ఉంటే ఈ బాధ లేదు కదా అని కొందరు అంటారు. సగం నిజం. లినక్స్‌కు యంత్రానికింత అని రుసుము లేదు. ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థవాళ్లు దాని ఆధారంగానే తెలుగులో ఆపరేటింగ్ సిస్టం తయారుచేశారు. అయితే దానికీ లైసెన్సు ఉంది. యంత్రంలో లినక్స్ పెట్టి అమ్మే కంపెనీ, అడిగినవాళ్లకు దాని మూల ప్రోగ్రాం ఇవ్వాలి. పైగా దాని మీద కూర్చున్న మగ్గం ప్రోగ్రాం కంపెనీ సొంతం. లోపల లినక్స్ ఉంది కదా అని మొత్తం కార్డును కాపీ చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

లైసెన్సు వేరు, మద్దతు వేరు అన్నది కూడా గుర్తుపెట్టుకోండి. ఎక్స్‌పీ ఎంబెడెడ్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2016 జనవరి 12తో ముగిసింది. అంతమాత్రాన ఆ యంత్రం నడపడం నేరం కాదు, లైసెన్సు చెల్లుతుంది. కాని కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు రాదు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ లోకమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. ఫ్రాన్సులో రెనో కార్ల కంపెనీ కొన్ని ఫ్యాక్టరీల్లో పని ఆపవలసి వచ్చింది. పాత ఇమేజ్‌తో నడిచే మగ్గాన్ని ఆఫీసు కంప్యూటర్లతో తీగ కలిపి ఉంచింది యాజమాన్యం. వైరస్ వస్తే మాత్రం పెన్ డ్రైవ్ పెట్టినవాడెవడని మన జేబులు వెతుకుతారు.

కార్డులకు కూడా ఆయుష్షు ఉంటుంది. రాసీ రాసీ అరిగిపోతాయి. నేత ఖాతా వేడి, అదురు వాటికి పడవు. నకలు లేని కార్డు పోతే కొత్తది వచ్చేదాకా మగ్గం ఆగుతుంది. పీసు రేటు కార్మికుడి పొయ్యి కూడా దానితోపాటే ఆగుతుంది. యంత్రం చెడిపోయి పని ఇవ్వలేకపోవడం లేఆఫ్ కిందికి వస్తుందని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా అదే చెబుతోంది. 50 మందికి తక్కువ కాకుండా ఉన్న మిల్లులో ఏడాది సర్వీసు నిండినవాళ్లకు మూల వేతనం, కరువు భత్యంలో సగం ఇవ్వాలి. బదిలీ కార్మికులకు అదీ లేదు. వాళ్ల కోసం మనం ఒప్పందంలో రాయించుకోవాలి.

ఆ కుర్రవాడి సంగతి చెప్పి ముగిస్తాను. విచారణలో అతణ్ణి కాపాడింది మా వాదన కాదు, లాగ్ బుక్కు. కార్డులు ఎక్కించిన రోజున "ఇన్‌చార్జి ఆదేశం మీద" అని రాసి, కింద ఇన్‌చార్జి చేత సంతకం చేయించుకున్నాడు. వాళ్ల నాన్న అడవి డిపోలో బండి తోలినవాడు. పాసు చేతికి రాకుండా ఎద్దుల్ని కదిలించవద్దని చిన్నప్పటి నుంచీ చెప్పేవాడట. ఆ ఒక్క సంతకంతో నోటీసు వెనక్కి పోయింది. యాజమాన్యం రెండు లైసెన్సులూ కొన్నది.

కాబట్టి ప్రతి మిల్లులోనూ మన కమిటీలు ఈ నాలుగు కోర్కెలు పెట్టాలి.

1. కొత్తదైనా పాతదైనా యంత్రం గేటు లోపలికి వచ్చిన రోజునే లైసెన్సు స్టిక్కరు నంబరు, బిల్లు రిజిస్టరులో ఎక్కించాలి.

2. ప్రతి యంత్రం కార్డుకూ నకలు తీసి, దాని మీద ఆ యంత్రం నంబరు రాసి, యాజమాన్యం బాధ్యత మీద బీరువాలో పెట్టాలి.

3. కార్డు మార్చమన్నా, కాపీ చేయమన్నా రాతపూర్వకమైన ఆదేశం ఇవ్వాలి. నోటిమాట మీద చేయించరాదు.

4. కార్డు చెడిపోయి యంత్రం ఆగిన గంటలకు బదిలీ కార్మికులతో సహా అందరికీ కూలి కట్టాలి.

ఆదేశం రాసివ్వనంటే ఏం చేయాలని అడుగుతారు. మీరే లాగ్ బుక్‌లో రాసి సంతకం అడగండి. సంతకం కూడా పెట్టనంటే స్క్రూడ్రైవర్ కింద పెట్టి కమిటీ సభ్యుణ్ణి పిలవండి. ఒక్కడు అడిగితే పొగరంటారు. ఖాతా అంతా అడిగితే పద్ధతి అవుతుంది.

సెలవు తీసుకుంటున్నాను. కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!