గొడ్రాలు అనే ముందు మగోడి పరీక్ష ఏది?



సోమశిల రేవు కాడ నిలబడితే కృష్ణ అవతల నల్లమల కొండలు కనబడతయి. కొండమీద బతికితే మగవాళ్లకు సంతానశక్తి తగ్గుతదని ఎవరన్నా అంటే వెంటనే నమ్మకండి.

ఎత్తు ప్రభావం నిజమే. కానీ అది 2,500 మీటర్లు దాటిన చోట్ల సంగతి. లడఖ్ లాంటి చోటికి కొత్తగా పోయినోళ్లకు ఆక్సిజన్ చాలక వీర్యకణాల సంఖ్య, కదలిక తగ్గొచ్చు. కిందికి దిగినాక కొన్ని నెలల్లో చాలావరకు కోలుకుంటరు. తరతరాలుగా అక్కడే ఉన్న టిబెట్, ఆండీస్ ప్రజలు పిల్లాపాపలతోనే ఉన్నరు. మన నల్లమల శిఖరాలు ఆ ఎత్తుకు దరిదాపుల్లో కూడా లేవు!

మరి మనకు ముప్పు ఎక్కడుంది? వృషణాలు ఒంటి వేడికన్నా రెండు, మూడు డిగ్రీలు చల్లగా ఉండాలె. వలసపోయి ఇటుక బట్టీల సెగలో పనిచేసే తమ్ముళ్లు ఇది యాది పెట్టుకోండి. పొగాకు, సారా, పురుగుమందులు కూడా దెబ్బతీస్తయి.

ఏడాది కాపురం చేసినా కడుపు పండకపోతే ఇద్దరూ దవాఖానకు పోవాలె. పిల్లలు కాని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కూడా కారణం ఉంటది. మగోడికి మొదటి పరీక్ష వీర్య పరీక్ష, అంతే. అది చేయించుకోకుండానే ఆడబిడ్డను గొడ్రాలనడం, మారు మనువుకు తయారవడం అన్యాయం.

ఆ పరీక్ష మన దగ్గరి సర్కారు దవాఖానలోనే కావాలని అడుగుదాం. అడవి హక్కు అడిగే నోరే ఇంట్ల ఆడబిడ్డ గౌరవం కోసం కూడా మాట్లాడాలె.

జై ఆదివాసీ!