నల్లకళ్ళద్దాల నవ్వు

ఒక చిన్న నవ్వు ఎంత దూరం ప్రయాణం చేయగలదో, దారిలో ఏమి పోగొట్టుకుంటుందో నేడు శ్రోతలకు విన్నవించదలచాము.

ముత్తంగి వద్ద హైదరాబాదు బాహ్యవలయ రహదారి ముంబాయి రహదారిని కలుస్తుంది. ఒకవైపు పటాన్‌చెరు, మరికొంత దూరాన పాశమైలారం కర్మాగారాలు. ఈ ప్రాంతపు అద్దెగదులలో తెలుగువారితో పాటు బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుండి వచ్చిన కార్మికులు కూడ నివసిస్తున్నారు. ఒకరి మాట మరొకరికి పూర్తిగా రాదు. అయినా పది పదిహేను సెకండ్ల దృశ్యమొకటి సెల్‌ఫోనులో చూపితే అందరూ ఒక్కసారే నవ్వగలరు. ఆ దృశ్యంలో తుపాకి పట్టిన ఆటబొమ్మ ఒకటి ఉంటుంది. అది ఎదుటివాడిని చిత్తు చేస్తుంది, లేదా గురి తప్పి తానే బోర్లాపడుతుంది. వెంటనే బొమ్మ కదలక నిలిచిపోతుంది. పైనుండి నల్లకళ్ళద్దాలు మెల్లగా దిగి దాని ముక్కుమీద కూర్చుంటాయి. వెనుక ర్యాప్ పాట దరువు అందుకుంటుంది. ఇంతే! అర్థం చేసుకొనుటకు భాష అక్కరలేదు.

ఇటువంటి వాటిని మీమ్‌లు అంటున్నారు. 1976లో రిచర్డ్ డాకిన్స్ అనే జీవశాస్త్రవేత్త ‘ది సెల్ఫిష్ జీన్’ గ్రంథంలో, అనుకరణ అనే అర్థమిచ్చే గ్రీకు పదం నుండి ఈ మాటను కల్పించాడు. ఒక మనస్సు నుండి మరొక మనస్సుకు ప్రాకే రాగాలు, నానుడులు, వేషధారణలు ఆయన దృష్టిలో ఉన్నవి. ఆటబొమ్మకు కళ్ళద్దాలు పెట్టుట ఆయన ఊహించి ఉండడు.

ఈ వేడుకకు మూలం ఆత్మస్తుతి. ‘హేలో’, ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ వంటి తుపాకి ఆటలలో ఆరితేరిన అమెరికా కుర్రవాళ్ళు తమ మంచి దెబ్బలన్నిటినీ ఏర్చి, వెనుక ఉద్రేకమైన పాట పెట్టి ప్రదర్శించుకొనేవారు. సొంత డప్పు అధికమైతే ఎగతాళి చేసేవాడు పుట్టక మానడు. 2010 తర్వాతి సంవత్సరాలలో అదే పద్ధతిని వెక్కిరిస్తూ హారన్ మోతలు, శీతలపానీయపు సీసాలు, చిప్సు పొట్లాలు, నల్లకళ్ళద్దాలు కుప్పపోసిన దృశ్యాలు వెల్లువెత్తినవి. వాటిలో పదేపదే వినబడినది డాక్టర్ డ్రే 1999 నాటి ‘ద నెక్స్ట్ ఎపిసోడ్’ పాట చివరనున్న ఒక చిన్న పలుకు. దానిని పలికినవాడు నేట్ డాగ్. మీమ్ చూసినవారిలో చాలమంది మాత్రం అది స్నూప్ డాగ్ గొంతు అనుకుంటారు. పలికినవాడి పేరే ముందుగా రాలిపోయినది!

రేడియో శ్రోతలకు మరొక సంగతి వినోదం కలిగించవచ్చు. 2004లో వెలువడిన ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్’ అనే ఆటలో కారెక్కినవాడు రేడియో స్టేషన్లు మార్చుకొనవచ్చు. వాటిలో ‘రేడియో లాస్ సాంటోస్’ అనేది ర్యాప్ పాటలకు ప్రత్యేకం. మన పట్టణాల నెట్ సెంటర్లలో గంటకింత అని చెల్లించి ఈ ఆట ఆడిన పిల్లలకు ర్యాప్ తొలిసారి వినబడినది, లేని ఊరిలోని లేని రేడియో నుండి కావచ్చు. ఆ ఆట నాయకుడు సీజే తన పాత వీధికి తిరిగివచ్చి విసుగుతో నడిచే దృశ్యాన్ని 2019లో ఎవరెవరో కత్తిరించి, వెనుక తమకు తోచిన స్థలాన్ని అతికించారు. మీమ్ వ్యాప్తికి కీలకం ఇదే: ఒక్క ముక్క మార్చితే చాలు, చూసినవాడు కర్త అవుతాడు.

కళ్ళద్దాలు తెలుగు సినిమాకు కూడ వచ్చినవి. బ్రహ్మానందం ఎవరికో దీటైన జవాబిచ్చి నిలబడగానే ర్యాప్ దరువు, ‘థగ్ లైఫ్’ అనే అక్షరాలు. మేమూ నవ్వినాము, బాగుగానే ఉంటుంది. అయితే ఆ రెండు మాటలూ ఎవరివి? ర్యాప్ గాయకుడు టూపాక్ షకూర్ తన బృందానికి పెట్టుకొన్న పేరు అది. 1994లో ఆ పేరుతోనే వారి ఆల్బం వెలువడినది. పసిపిల్లలకు పంచిన ద్వేషం చివరకు అందరినీ చెరుస్తుందని ఆ పేరుకు ఆయన అర్థం చెప్పాడు. 1996లో తుపాకి కాల్పులకు గురియై, ఇరవై అయిదేళ్ళకే మరణించాడు. తుపాకి ఆటపై ఆ మాటలు నవ్వుకై అతికించినప్పుడు ఈ కథ వెంటరాదు.

మన జరుక్ శాస్త్రిగారు, రేడియోలో పనిచేసినవారే, శ్రీశ్రీ వంటి కవులకు పేరడీలు వ్రాశారు. మూలం తెలిసినవాడికే ఆ నవ్వు దక్కేది. పేరడీ పాఠకుణ్ణి మూలం వద్దకు నడిపించేది. మీమ్‌కు ఆ నిర్బంధం లేదు. అందుచేతనే అది భాషలు దాటినది. అందుచేతనే కొంత డొల్ల కూడ అయినది.

వ్యాప్తికి ఇతర కారణాలు లేకపోలేదు. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చౌక అయినది. 2017లో వచ్చిన ‘ఫ్రీ ఫైర్’ ఆట తక్కువ ధర ఫోనులలో కూడ నడిచినది. 2020 జూన్‌లో టిక్‌టాక్, సెప్టెంబరులో పబ్‌జీ, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ ప్రభుత్వ నిషేధానికి లోనైనవి. పాత్రలు పగిలినవి గాని నవ్వు ఒలికిపోలేదు. రీల్స్‌లోకి, షార్ట్స్‌లోకి మారినది.

ఇక మన భాష మాట. రోల్ రైడా వంటివారు తెలుగులో ర్యాప్ పాడుతున్నారు. ర్యాప్‌కు బదులు తెలంగాణ జానపద పాటల డీజే దరువులు జోడించిన ఆట దృశ్యాలు కూడ యూట్యూబులో కనబడుతున్నవి. బొమ్మ ఏ దేశానిదో కాని, పాట బోనాలనాడు వీధిలో విన్నదే. ఎక్కడ దరువు మారుతుందో కుర్రవాడికి ముందే తెలుసు, సరిగా అక్కడనే బొమ్మను పడగొడతాడు. అది చూసి ప్రక్కనున్న ఒడియా మిత్రుడు నవ్వి, పాటలోని మాటకు అర్థమేమని అడిగితే, చెప్పుటకు వాడివద్ద జవాబున్నది.