నునావుట్ అంటే 'మా నేల'



బడి పుస్తకాల్లో మనం 'ఎస్కిమోలు' అని చదువుకున్నాం. అది బయటివాళ్లు పెట్టిన పేరు. వాళ్లు తమను ఇన్యూట్ అని చెప్పుకుంటారు. ఆ మాటకు 'మనుషులు' అని అర్థం. పత్రికల్లో పనిచేసే మేం కూడా ఆ పేరు నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది.

వాళ్లను మనుషులుగా కెనడా సర్కారు గుర్తించిందా? ఇన్యూట్ పేర్లు నోరు తిరగడం లేదని 1940లలో ఒక్కొక్కరికీ ఒక నంబరు బిళ్ల ఇచ్చింది. 1953లో ఉత్తర క్విబెక్‌లోని ఇనుక్జువాక్ నుంచి కొన్ని కుటుంబాలను ఓడ ఎక్కించి, దాదాపు 2 వేల కిలోమీటర్ల దూరాన, నెలల తరబడి పొద్దు పొడవని చోట దింపింది. నచ్చకపోతే రెండేళ్లలో వెనక్కి తెస్తామన్న మాట తప్పింది. క్షమాపణ చెప్పింది 2010లో! అట్లా తరలిపోయిన పిల్లల్లో ఒకడు జాన్ అమగోవాలిక్. నునావుట్ పితామహుడని పేరు పొందింది ఆయనే.

1971లో ఇన్యూట్‌లు జాతీయ స్థాయిలో సంఘం పెట్టుకున్నారు. పట్టా ఏదని అడిగితే చూపడానికి వాళ్ల దగ్గర కాగితం లేదు. వేటగాళ్లనే కూర్చోబెట్టి, ఎవరు ఎక్కడ వేటాడారో, ఎక్కడ చేపలు పట్టారో పటాల మీద గీయించారు. ఎవరిదీ కాదన్న మంచు నేలంతా గీతలతో నిండిపోయింది. ఆ పటాలే వాళ్ల పట్టా అయ్యాయి. 1976లో ప్రత్యేక ప్రాంతం కావాలని అడిగారు. 1982 ప్రజాభిప్రాయ సేకరణలో 56 శాతం విభజనకు ఓటేశారు. 1993లో ఒప్పందం, 1999 ఏప్రిల్ 1న నునావుట్.

ఇక లెక్క చూద్దాం. దక్కింది సుమారు మూడున్నర లక్షల చదరపు కిలోమీటర్ల మీద యాజమాన్యం. ఖనిజాల మీద హక్కు అందులో పదో వంతుకే. బదులుగా మిగతా నేలపై తరతరాల హక్కును వదులుకున్నారు. ప్రభుత్వ భూముల అధికారం ఒట్టావా చేతిలోనే ఉండిపోయింది. దాని బదిలీకి సంతకాలు పడింది 2024 జనవరిలో, గడువు 2027 ఏప్రిల్!

ఉద్యోగులు ఇది వినాలి. జనాభాలో ఎంత వాటా ఉందో సర్కారు కొలువుల్లో అంత వాటా ఉండాలని ఒప్పందంలోనే రాసుకున్నారు. జనాభాలో ఇన్యూట్‌లు సుమారు 85 శాతం, కొలువుల్లో సగం. శిక్షణ ఇవ్వకుండా కొలువులు ఎట్లా వస్తాయి? 2006లో కోర్టుకెక్కితే 2015లో 25.55 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

విద్యార్థులు ఇది వినాలి. పన్నెండో తరగతి దాకా ఇన్యూట్ భాషలో చదువు చెబుతామని 2008లో చట్టం చేశారు. 2020లో ఆ గడువును 2039కి జరిపారు. జరిపింది ఒట్టావా కాదు. వాళ్లు కొట్లాడి తెచ్చుకున్న, వాళ్లే ఎన్నుకున్న సభ!

ఆ వాయిదా మీద కూడా ఇన్యూట్‌లు కోర్టుకెళ్లారు. మనం నేర్చుకోవలసింది అక్కడే ఉంది. పటం మీద గీత పడ్డ రోజున పోరాటం ముగిసిందని వాళ్లు ఇంటికి పోలేదు. పరాయి సర్కారును అడిగిన లెక్కే సొంత సర్కారునూ అడుగుతున్నారు.