కోళ్ల కొట్టమునకు నేల, పరుపు
(ప్రసంగ పాఠము)



సంగీత సాహిత్యములకు నెలవైన సాంస్కృతిక సంఘ వేదికపై కోళ్ల ప్రసక్తి యేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. ఉద్యోగ విరమణానంతరము స్వగ్రామమునకు మరలి, పెరటిలో పది పదిహేను కోళ్లను పెంచుకొనవలెనని తలచు కుటుంబములు తెలుగువారిలో తక్కువ కాదు. సర్కారు వసతి గృహముల మేడలపై అందుకు వీలు లేకున్నను, సొంత పెరటిలో అది సుసాధ్యము. హైదరాబాదులోని కోళ్ల పరిశోధనా డైరెక్టరేటు రూపొందించిన వనరాజ, గ్రామప్రియ కోళ్లు పెరటి పెంపకమునకు ఉద్దేశింపబడినవే.

అట్టి కుటుంబము కోళ్ల జాతిని గురించియు, మేతను గురించియు పలువురిని విచారించును. పైకప్పునకు ధారాళముగా వ్యయము చేయును. నేలను గురించి మాత్రము ఆలోచింపదు. తొలి వానకాలముననే పిల్లలు ఒక్కొక్కటిగా రాలిపోవుచుండ, దిష్టి తగిలినదని ఇల్లాలు చింతించును. పెక్కు పర్యాయములు దోషము దిష్టిది కాదు, తడి నేలది.

కోడికి మూత్ర విసర్జనము వేరుగా లేదు. రెట్టలోనే అంతయు కలిసి వచ్చును. ఆ రెట్టలో నాలుగింట మూడు పాళ్లు నీరే. ఆ నీరు ఆరిపోవు దారి లేనిచో మూడు కీడులు వాటిల్లును. మొదటిది, అమ్మోనియా వాయువు పుట్టి కోళ్ల కన్నులను, ఊపిరిని బాధించుట. రెండవది, పల్లెలలో రక్తపారుడు అనబడు కాక్సిడియోసిస్. దాని బీజములు రెట్టతో బయటపడి, తడియు వెచ్చదనమును గల చోట ఒకటి రెండు దినములలోనే రోగకారకములగును. మూడవది, పరుపునకు బూజు పట్టి పిల్లల ఊపిరితిత్తులలో చేరుట. కావున ఏ వస్తువును ఎన్నుకొన్నను మొదట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది పొడిగా నిలుచునా?

ఇక నేల సంగతి. మట్టి నేలకు ఖర్చు లేదు; కాని అది అడుగునుండి చెమ్మ పీల్చును, ఎలుకలు కలుగులు త్రవ్వును, రోగము ప్రవేశించినచో శుభ్రపరచుట దుర్లభము. మట్టి నేలయే గతియైనచో చుట్టునున్న నేలకంటె ఒక అడుగైనను ఎత్తు చేసి, గట్టిగా దిమ్మిస కొట్టవలెను. సిమెంటు నేల కడుగుటకు అనువైనది, ఎలుకలకు లొంగనిది. దానిని కొంచెము వాలుగా వేసినచో కడిగిన నీరు నిలువదు. బండలు పరచువారు సందులను సిమెంటుతో పూడ్చవలెను. లేకున్న సందులలో రెట్ట నిలిచి పురుగు పట్టును. సిమెంటుపైనను, బండలపైనను పరుపు లేకుండ కోళ్లను విడువరాదు. పాదములు ఒరిసి పుండ్లు పడును. వానలు మెండుగా గల చోట స్తంభములపై ఎత్తుగా వెదురు బద్దల నేల అమర్చుటయు మంచిదే. రెట్ట సందులగుండ క్రిందికి జారును; అయితే పిల్లల కాళ్లు చిక్కుకొనని విధముగ సందులుండవలెను.

పరుపునకు ఏ ప్రాంతమున ఏది చౌకగా లభించునో అదియే వాడుట వివేకము. గోదావరి, కృష్ణా మండలములలో ఊకకు కొదువ లేదు. అది ముద్దకట్టదు గాని తడిని అంతగా పీల్చదు. రాయలసీమవారికి బుడ్డల పొట్టు సులభముగా దొరకును; దానిని బూజు లేకుండ బాగుగా ఎండబెట్టవలెను. వడ్రంగి చిత్రిక పట్టగా రాలిన కొయ్య పొరలు తడిని చక్కగా పీల్చును. రంపపు పొట్టు మిక్కిలి సన్ననిది. ధూళి లేచును, పసి పిల్లలు మేతయని తినును. ఉత్తరాదిన దొరకు గోధుమ గడ్డియైనను, ఇంటి వరిగడ్డియైనను రెండంగుళముల ముక్కలుగా నరికి వేయనిచో చాపవలె అట్టకట్టును. మందు పూసిన కొయ్య పొట్టును దరిచేరనీయరాదు. నున్నని వార్తాపత్రికలపై పిల్లలను విడుచుటయు మంచిది కాదు; కాళ్లు జారి వంకర పోవును.

పిల్లలకు రెండు మూడంగుళముల మందమున పరచి, అవి ఎదిగినకొలది కొత్త పొట్టు చేర్చుచు ఆరంగుళములకు తేవలెను. ఎదిగిన కోడి ఒక్కింటికి రెండు చదరపుటడుగుల చోటు వలయును. అంతకు మించి క్రిక్కిరిసినచో ఏ పరుపును ఆరదు. వారమునకు రెండు మారులు పారతో తిరుగవేయవలెను. నీటి తొట్టి చుట్టు తడిసిన భాగమును నాడే తీసివైచి పొడి పొట్టు వేయవలెను.

పరీక్షకు యంత్రమేదియు అక్కరలేదు. పరుపును పిడికెడు తీసి గట్టిగా పిసికి చేయి విప్పవలెను. ముద్దగా నిలిచినచో తడి హెచ్చినది. ఏమాత్రము అంటక ధూళి లేచినచో మితిమీరి ఎండినది. కొంచెము అంటి, వెంటనే విడిపోయినచో సరిగా నున్నది. ఇంటిలోని బాలబాలికలకైనను ఈ పని అప్పగింపవచ్చును. చేతులు సబ్బుతో కడుగుకొను నియమము మాత్రము తప్పరాదు.

ఇట్లు కాపాడిన పరుపు వ్యర్థము కాదు. అమెరికాలోని ఓహయో వ్యవసాయ పరిశోధనా కేంద్రమున 1940 దశకములో జరిగిన పరిశోధనలు, పొడిగా కాపాడిన పాత పరుపు కోళ్ల ఆరోగ్యమునకును తోడ్పడునని చూపినవి. రోగము ప్రవేశించిన కొట్టమున మాత్రము పరుపునంతయు తీసివైచి, నేలకు సున్నము కొట్టి, క్రొత్తది పరచవలెను. రోగము లేని కొట్టమునుండి తీసినదానిని గోతిలో మాగనిచ్చినచో పశువుల పెంటకంటె నత్రజని హెచ్చుగా గల ఎరువగును. పెరటి ఆనప పాదునకును, కొబ్బరి మొక్కకును బలము చేకూర్చును.

కొట్టము కట్టదలచినవారు పైకప్పును గురించి తలచునపుడే నేలను గురించియు తలచుదురు గాక.