పరభాషకు ఇంట పీట



పరభాష నేర్చుట యనగానే మనకు రెండు మార్గములు తోచును. ఆ భాష మాట్లాడు దేశమునకు పోయి నాలుగేండ్లు కాపురముండుట యొకటి. గురువు నాశ్రయించి వ్యాకరణము వల్లించుట రెండవది. మొదటిదానికి ధనము కావలెను, రెండవదానికి ఓర్పు కావలెను. ఆ రెండవ మార్గమున పోయినవారిలో చాలమంది పదేండ్లు చదివియు, ఆ భాషవాడు ఎదురుపడి కుశలమడిగినచో బిక్కమొగము వేయుట మనమెరిగినదే. మూడవ మార్గమొకటి కలదు. ఆ భాషను ఇంటికి పిలిచి, పీట వేసి, కూర్చుండబెట్టుట. ఇది నేటి యువకులు కనిపెట్టిన విద్యయని కొందరనుకొనుచున్నారు గాని, మన ఉత్తరాంధ్రమునకు చెందిన ఒక బడిపంతులు దీనిని నూరేండ్లకు పూర్వమే ఆచరించి చూపిరి.

ఆయన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రిగారు చోడవరమున ఉద్యోగము చేయుచు 1875లో విషజ్వరముచే కాలధర్మము నొందిరి. తండ్రిలేని ఆ బాలుడు విశాఖపట్టణమున మేనమామగారి పంచ జేరి, చదువుకొని, 1879లో మెట్రిక్యులేషను పరీక్ష నెగ్గి, మరుసటి యేటికి పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. వాడుకభాషకై ఆయన సలిపిన పోరాటము జగద్విదితము; ఆయన జన్మదినమునే తెలుగు భాషా దినోత్సవముగ నేడు జరుపుకొనుచున్నాము. అట్టివారిని గూర్చి నేనిట్లు గ్రంథభాషలో ప్రసంగించుట వినియుండినచో ఆయన నవ్వియుందురో, నాలుగు పుటల ఖండనమే వ్రాసియుందురో! నాకు చిన్ననాట అబ్బిన బాణి యిది; ఈ వయసున మారదు.

నేడు చెప్పదలచినది తెలుగు సంగతి కాదు, సవరభాష సంగతి. పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో సవరలు కాపురముందురు. అడవి సరకు తలకెత్తుకొని సంతకు దిగివచ్చి, ఉప్పును గుడ్డయు కొనుక్కొని మరలిపోవుదురు. వారి మాట సంతలోనివారికి తెలియదు. సంతలోని లెక్క వారికి తెలియదు. ఇట్టి బేరములో నష్టపడునది ఏ పక్షమో పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. యువకుడైన రామమూర్తిగారికి వీరి భాష నేర్చి, వీరి భాషలోనే వీరికి చదువు చెప్పవలెనను కోరిక పుట్టినది. నేర్చుకొనుటకు తగిన పుస్తకము లేదు, బడి లేదు, గురువు లేడు. ఆయన చేసిన పని యేమనగా, తెలుగును సవరమును రెండును వచ్చిన ఒక మనుష్యుని తెచ్చి తన యింటనే ఉంచుకొనిరి. ఆనాటి బ్రాహ్మణ గృహము, ఆనాటి కట్టుబాట్లు ఎట్టివో ఎరిగినవారికి ఇది ఎంతటి మాటయో తెలియును. మాకు చదువు చెప్పుమని సవరలు వచ్చి అడుగలేదు. మీ మాట మాకు నేర్పుడని పంతులే మొదట వారిముందు శిష్యుడై కూర్చుండెను.

ఇంటనే యెందుకు ఉంచుకొనవలెను? వారమున కొకనాడు కొండకు పోయి నాలుగు మాటలు వ్రాసికొని వచ్చినచో చాలదా? చాలదు. ఒక్క ఉదాహరణము వినుడు. నీటిని సవరలు 'దాఅ' అందురు. ఆ రెండు స్వరముల నడుమ గొంతు చటుక్కున మూసికొని మరల తెరచుకొనవలెను. ఆ నొక్కునకు మన యేబదియారు అక్షరములలో అక్షరము లేదు. కాగితముపై చూచి నేర్చినవాడు దానిని సాగదీసి, మరియొక మాటగా పలికివేయును. ఇంట మసలు మనుష్యుడు తెల్లవారి మొగము కడుగుకొనునప్పుడు, అన్నము తినునప్పుడు, దాహమైనప్పుడు ఆ మాట అనుచుండగా పదిసార్లు, నూరుసార్లు వినిననే గాని ఆ నొక్కు చెవికి పట్టదు. చెవికి పట్టనిది నాలుకకు దిగదు.

లెక్క సంగతియు అట్టిదే. మనము పది దాటగానే పదికి ఒకటి, పదికి రెండు అని కూర్చుకొనుచు పోవుదుము. సవరలు పండ్రెండు వరకు పోయి, ఆపైన పండ్రెండునొకటి, పండ్రెండును రెండు అని లెక్కింతురు. ఇరువది రాగానే దానినొక మెట్టుగా గొని మరల మొదలు పెట్టుదురు. ముప్పదిమూడు అనవలసినచో ఇరువదియు పండ్రెండును ఒకటియు అందురు. సంతలో దుకాణదారు పదుల లెక్కన చెప్పుచుండగా సవర రైతు మనసున పండ్రెండుల లెక్కన కూడుకొనుచుండునన్నమాట. అతడు తెలివితక్కువవాడు కాడు, వేరొక తక్కెడతో తూచుచున్నాడు. ఈ భాష తెలుగునకు గాని ఒరియాకు గాని చుట్టము కాదు. సంతాలీ, ముండారీ మొదలగు భాషలు దీని తోబుట్టువులు. దూరపు బంధువులు కాంబోడియా దేశమున నున్నారు.

ముప్పది సంవత్సరములకు పైబడిన ఆ పరిశ్రమకు ఫలముగ సవర వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వమువారిచే అచ్చయినవి. అంతకుముందే ఆయన సవరభాషలో వాచకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చిరి. మన్యపు జ్వరములకు మింగిన క్వినైను మూలముననే ఆయనకు చెవుడు వచ్చినదని చెప్పుదురు. చెవితో ఒక భాషను సంపాదించినవారికి ఆ చెవియే పోయినది! 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, ఊరు విడిచి రాజమహేంద్రవరమునకు వచ్చిరి. 1940 జనవరి 22న గతించిరి. ఆయన కుమారులు సీతాపతిగారును ఆ సవరభాషా వ్యవసాయమునే కొనసాగించిరి. ఇంట పెరిగిన భాష తండ్రితో పోలేదు.

మన విశాఖపట్టణముననే దీనికి జతపడు ముచ్చట యింకొకటి జరిగినది. 1906 ప్రాంతమున యేట్సు అను దొర ఈ జిల్లాలకు పాఠశాలల ఇన్స్పెక్టరుగ వచ్చెను. ఆయన తెలుగు పుస్తకములు చదివి నేర్చుకొన్నవాడు. తీరా ఊళ్లలోనికి పోగా జనులాడు తెలుగు తాను నేర్చిన తెలుగువలె లేదు. ఇదేమి చోద్యమని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు గారి నడిగెను. ఆయన గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి గారల పేర్లు చెప్పిరి. ఆ ప్రశ్ననుండి పుట్టిన కలహమే తరువాత ముప్పదేండ్లు తెలుగుదేశమునంతను కదిపినది. దాని జోలికి పోను.

ఇక నేటి మాట. విశాఖ 1933లో ఓడరేవైనది. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైనది. ఒరియా, బెంగాలీ, హిందీ, తమిళము, మలయాళము మాట్లాడు కుటుంబములు ఇచ్చట ఒకే మెట్లవరుసపై కాపురములు చేయుచున్నవి. గాజువాకలో మా వీధిని ఒక యువకుడున్నాడు, లోహముల పని తెలిసిన ఇంజనీరు. ప్రపంచమున రాగి అన్నిటికంటె మిక్కుటముగ తవ్వునది చిలీ దేశము; అచ్చట ఉద్యోగము సంపాదింపవలెనని అతని కోరిక. అచ్చటి భాష స్పానిషు. ఇంచుమించు ఇరువది దేశములలో అదియే రాజభాష. ఈ పిల్లవాడు ఇల్లంతయు స్పెయిను చేసివేసినాడు! తలుపునకు, బిందెకు, బియ్యపు డబ్బాకు పేర్లు వ్రాసిన చీటీలంటించినాడు. చేతిలోని ఫోను స్పానిషు. ఉదయము లేచినది మొదలు చెవిలో వార్తలు స్పానిషు. మూడు నెలలు గడచినవి. చీటీలు చదువగలడు గాని, నోరు తెరచి ఒక వాక్యము చెప్పుమనిన తడబడును.

నేనతని పుస్తకములు తెచ్చుకొని చూచితిని. అతని చిక్కంతయు ఆంగ్లము మీదుగా పోవుటలోనున్నది. స్పానిషువాడు త-కార ద-కారములను మనవలెనే దంతముల చెంత పలుకును. ఇతడు ఆంగ్ల పద్ధతిని ట, డ లనుచున్నాడు. మన వర్ణమాలలో పనిలేక కూర్చున్న 'ఞ' అక్షరము వారికి నిత్యము పనికివచ్చును. 'రేపు' అనుటకు 'మఞాన' అందురు. చిన్నవానిని 'తూ' అనియు, పెద్దవారిని 'ఉస్తెద్' అనియు సంబోధింతురు. నీవు, మీరు అను భేదము తెలిసిన తెలుగువానికి ఇది యేమి క్రొత్త? 'మాట్లాడుదును' అనునప్పుడు 'నేను' అని వేరుగ చెప్పనక్కరలేదు, క్రియ తోకనుబట్టియే తెలియును. వారికిని అంతే, 'ఆబ్లో' అనిన చాలును. అన్నిటికంటె వింత యిది: ఆంగ్లమున 'నేను దీనిని ఇష్టపడుదును' అను తీరు వాక్యము, తెలుగున 'నాకిది నచ్చును' అందుము. స్పానిషువారును 'నాకు నచ్చును' అనియే, 'మే గుస్తా' అందురు. ఇంటి పెరటి గుమ్మమున దాటవలసిన వీధికి ఊరంతయు చుట్టి పోవనేల? అన్నియు ఇంత సుళువని చెప్పను. కుర్చీ ఆడుది, పుస్తకము మగది యను వారి లింగవ్యవస్థ మనకు మింగుడుపడదు. ఉండుట యను అర్థమున రెండు క్రియలున్నవి. ఎక్కడ ఏది వాడవలెనో చాలకాలమునకు గాని తెలియదు.

అయినను ఆ పిల్లవాని నోరు పెగలకపోవుటకు అసలు కారణము వ్యాకరణము కాదు. బిందెపై అంటించిన చీటీ బదులు చెప్పదు. ఫోనులోని వార్తలవాడు ఇతడు విన్నాడో లేదో చూడడు. రామమూర్తిగారి యింట నుండినది చీటీ కాదు, మనిషి. అతడు నవ్వును, విసుగుకొనును, అట్లు కాదు ఇట్లనుమని దిద్దును.

విశాఖలో స్పానిషు మనిషి యెక్కడ దొరకును? దొరకలేదు. అయితే గత దీపావళి వెళ్లిన పిమ్మట ఆ పిల్లవాని మాతామహి చోడవరము వైపు పల్లెనుండి వచ్చినది. ఎనుబది దగ్గరపడిన మనిషి. ఇంటిలో ఆమెతో మాట్లాడువారు లేరు. అందరును పనులకు పోవుదురు. ఆ పిల్లవాని అక్క కూతురు ఆరేండ్లది, బడిమాటయే గాని ఇంటిమాట రాదు. అవ్వ ఏదైన అడిగిన ఆ పిల్ల తల్లి మొగము చూచును, తల్లి తర్జుమా చేయవలెను. సొంత మునిమనుమరాలితో దుబాసీ ద్వారమున మాట్లాడవలసిన గతి! ఆ ముసలామె ఒకనాడు నాతో, మా యింట నేనొక్కతెనే పరాయిభాషదానను నాయనా, అనినది. ఆ మాట నేను మరువలేకున్నాను.

ఆమెయే ఒకరాత్రి, నీలో నీవు గొణుగుకొనుటయేల, నాకు చెప్పరాదా, అని మనుమని అడిగినదట. అప్పటినుండి వంటయింటిలో ఒక గంట వారి పాఠము. అతడు నీరు త్రాగుచు 'అగ్వా' అనును. ఉప్పందించుచు 'సల్' అనును. ఆమె, అదేమిరా, మరల అను, అని తెలుగున నిలదీయును; అతడు తెలుగున విప్పి చెప్పి, మరల స్పానిషున ఆడును. ఆమె తప్పుగ పలుకగా దిద్దవలసి వచ్చి అతని మాట తిన్నబడినది. అన్నిటికంటె ముఖ్యము, ఈ నడుమ ఆంగ్లమునకు చోటు లేకపోయినది. తెలుగునుండి తిన్నగా పోవుచున్నారు.

ఆరేండ్ల పిల్ల వినోదమునకని ఆ గుమ్మముననే చేరినది. స్పానిషు దానికేమి యెక్కినదో నాకు తెలియదు. కాని అవ్వ అడుగు ప్రశ్నలన్నియు దాని చెవిని పడుచున్నవి: ఏమిరా అది, ఎందులకురా, ఎంత ఉప్పు, ఎవరికి పెట్టితివి. సంక్రాంతి నాటికి ఆ పిల్ల తల్లివైపు చూడకుండ, అవ్వా నాకు ముగ్గు పెట్టుట చూపుము, అని నేరుగ అడిగినది. క్రియాపదమున కొంత వంకర యున్నదట. అవ్వ దిద్దలేదు; ముగ్గుపిండి తీసికొని లేచినది.

మీలో పలువురు పంటలు ఇంటికి వచ్చినపిమ్మట పట్టణమున కుమారుల యిండ్లకు పోయి నెలయో రెండు నెలలో ఉందురు. అక్కడ పిల్లలకు అర్థము కాదని మీరే మాట తగ్గించుకొని, వచ్చీరాని ఆంగ్లపు ముక్కలతో సరిపెట్టుకొనుట నేను పెక్కు ఇండ్లలో చూచితిని. రామమూర్తిగారి యింట నుండిన సవర మనిషి అట్లు సరిపెట్టుకొని, పంతులుగారితో తెలుగే మాట్లాడియుండినచో, ఆ నిఘంటువు పుట్టెడిది కాదు. నేడు శ్రీకాకుళము, పార్వతీపురము మన్యము జిల్లాలలో సవర పిల్లలున్న బడులు కలవు. అక్కడ పిల్ల యింటిమాట వేరు, బడిమాట వేరు. పట్టణమున మీ మనుమరాలిదియు అదే స్థితి.

గాజువాక అవ్వ సంగతి కడపట విన్నప్పుడు ఆమె స్పానిషున పది వరకు లెక్కించుచున్నది. చిలీనుండి ఉత్తరువింకను రాలేదు. మనుమడు ఎదురు చూచుచున్నాడు. వచ్చినచో ప్రయాణమునకు ముందు తన పల్లెకు వచ్చి నాలుగు దినములుండి పొమ్మని, అచ్చట ఆవులను గేదెలను ఏమందురో చెప్పి మరీ పొమ్మని ఆమె షరతు పెట్టినది.